గ్లాస్గో - బారా చిన్న విమానం, అమ్మానాన్నని తీసుకెళ్లొచ్చా?

ఏలూరు_అబ్బాయి:
అందరికీ నమస్తే. అమ్మానాన్న మా దగ్గరికి ఎడిన్‌బరా వచ్చారు. స్కాట్లాండ్ పశ్చిమ తీరం దగ్గరున్న బారా ద్వీపంలో విమానం బీచ్ మీదే దిగుతుందని ఎక్కడో చూసిన దగ్గర్నుంచి నాన్నది ఒకటే గోల, తీసుకెళ్లమని. అమ్మకేమో చిన్న విమానం అంటేనే దడ. పెద్దవాళ్లతో ఎవరైనా వెళ్లొచ్చారా?

కోనసీమ_పిల్ల:
మేం మా అత్తగారితో వెళ్లామండి, తప్పకుండా తీసుకెళ్లండి. అది ట్విన్ ఆటర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం, 19 సీట్లు, ఎయిర్‌హోస్టెస్ ఉండదు, బాత్రూమ్ కూడా ఉండదు కాబట్టి ఎక్కేముందే చూసుకోమనండి. సీట్ బెల్టులూ అవీ కో-పైలటే చెప్తారు. కాక్‌పిట్‌కీ మనకీ మధ్య తలుపు వేసి ఉండదు, మా అత్తగారు ముందు వరసలో కూర్చుని దారంతా పైలట్ల చేతులే చూశారు, ఆవిడ భయం పోయింది కూడా అందుకేననిపిస్తుంది నాకు, పెద్ద విమానం కుదిపితే ఎందుకు కుదిపిందో మనకి తెలీదు కదా, ఇక్కడ గాలికి కాస్త పక్కకి ఒరిగితే పైలట్ చెయ్యి కదలడం, విమానం సర్దుకోవడం రెండూ కళ్లముందే కనపడతాయి.

ఇంక దిగడం సంగతి. ఆ బీచ్ పేరు ట్రాయ్ వోర్, పోటు వస్తే రన్‌వేలు మొత్తం నీళ్లలోనే, అందుకే ఫ్లైట్ టైములు ఆటుపోట్లని బట్టి మారుతుంటాయి. ఇసకలో మూడు రన్‌వేలు త్రికోణంలా ఉంటాయి, చివర్లలో చెక్క స్తంభాలే గుర్తు, గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా ఉండేదాని మీద దింపుతారు. మేం దిగినప్పుడు ఇసక మీద ఇంకా పల్చగా నీళ్లున్నాయి, చక్రాలు తగలగానే రెండు వైపులా చిమ్మాయి, మా అత్తగారు "దమ్ము చేసే ట్రాక్టర్‌లా ఉందే!" అని గట్టిగా అన్నారు. ఆవిడ అంత సంబరపడటం నేను అంతకుముందు చూళ్లేదు.

కొండదారి:
బారా వెళ్లలేదు గానీ నేపాల్లో లుక్లాకి ఇదే ట్విన్ ఆటర్‌లో వెళ్లాను. అక్కడ రన్‌వే 527 మీటర్లే, అదీ ఎగువకి ఏటవాలు, చివర కొండ. ఈ విమానం ఇలాంటి పొట్టి రన్‌వేల కోసమే చేసింది, బాగా నెమ్మదిగా దిగగలదు. చప్పుడు మాత్రం చాలా ఎక్కువ బ్రో, అమ్మకి ఇయర్‌ప్లగ్స్ కొనిపెట్టు. ప్రొపెల్లర్ అంటే పాతకాలం బండి అని భయపడితే మన రాజమండ్రికి వచ్చే ఏటీఆర్ విమానానికి కూడా ప్రొపెల్లర్లేనని చెప్పు.

ఏలూరు_అబ్బాయి:
థాంక్యూ అండి, థాంక్స్ అన్నా. ఏటీఆర్ మాట చెప్తే అమ్మ కొంచెం మెత్తబడింది. రానూపోనూ విమానమేనా, ఓడ కూడా ఉందా?

కోనసీమ_పిల్ల:
ఓడ ఉందండి, బారాలోని కాసిల్‌బే నుంచి ఇవతలి ఒడ్డున ఓబన్‌కి, దాదాపు ఐదు గంటలు. మీరు విమానంలో వెళ్లి ఓడలో రండి, రెండూ చూసినట్టుంటుంది. గాలీ మంచూ ఎక్కువైతే విమానం రద్దవుతుంది, అందుకని ఇండియా తిరుగు ప్రయాణానికి ముందురోజు మాత్రం పెట్టుకోకండి. ఇంకోటి, దిగాక ఫోటోల కోసం నాన్నగారు ఇసకలోకి వెళ్తానంటే ముందు విండ్‌సాక్ (గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం) చూడమనండి, అది ఎగురుతుంటే విమానాలు తిరుగుతున్నట్టే, అప్పుడు బీచ్ మీదకి వెళ్లకూడదు.