సేల్ వచ్చిందంటే చెయ్యి ఆగట్లేదు, మీరెలా ఆపుకుంటున్నారు?

ప్రశ్న (విజయనగరం): సిరిమాను పండక్కి చుట్టాలొస్తారని ఫోన్‌లో కుక్కరు, దుప్పట్లు, ఇంకో మిక్సీ పెట్టేశాను. పాత మిక్సీ తిరగడం లేదు మరి. పార్సిల్ విప్పుతుంటే మా అత్తయ్య "ఇదేటమ్మా, అటక మీద రెండు కుక్కర్లున్నాయి కదా" అన్నారు. నిజమే, ఒకటి ఇంకా అట్టపెట్టెలోనే ఉంది! సిగ్గేసింది. రాత్రి పదకొండు దాటాక పడుకుని ఫోన్ చూస్తేనే ఈ కొనుగోళ్లన్నీ. ఆపడమెలా?

జవాబు 1: పాత మిక్సీ పారేయకండి. మాది ఆగిపోతే గంటస్తంభం దగ్గర రిపేరు చేసే ఆయన కార్బన్ బ్రష్‌లు మార్చి 150 తీసుకున్నాడు. అరిగిన ముక్క చేతిలో పెట్టాడు, చిటికెన వేలి గోరంత. దానికోసం 4,000 పెట్టబోయాను.

జవాబు 2: యాప్‌లో కార్డు వివరాలు తీసేశాను. ప్రతిసారీ 16 అంకెలు కొట్టాలంటే బద్ధకం. ఆ బద్ధకమే నన్ను కాపాడుతోంది.

జవాబు 3 (శ్రీకాకుళం): అసలేమీ కొనకూడదని ఒట్టు పెట్టుకోకండమ్మా, వారం తిరక్కుండానే రెట్టింపు కొంటాం. నా అనుభవం. మా పెద్దనాన్నకి పొందూరు ఖద్దరు పంచెలు రెండే ఉండేవి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, నూలు చేత్తో వడుకుతారు. ఆ పని దగ్గర కూర్చుని చూసొచ్చాక సేల్ చొక్కాలు కొనడం తగ్గించాను. మానలేదు, తగ్గించాను.

ప్రశ్న అడిగినావిడ: మిక్సీ, కుక్కరు రిటర్న్ పెట్టేశాను. దుప్పట్లు మాత్రం ఉంచుకుంటున్నా, వచ్చేది పదిమంది!