అప్‌డేట్: అట్ట మీది ఎర్రగీత సంగతి తెలిసింది

నల్లగొండలో మా నాన్నగారి ట్రంకుపెట్టెలో దొరికిన పాత బొమ్మల కథల పుస్తకం అట్ట మీద, రాకుమారుడి భుజం అంచున సన్నని ఎర్రగీత ఉందనీ, అది చిత్రకారుడు కావాలని వేసిందేనా అనీ పోయిన నెల అడిగాను. కాదట.

గడియారం సెంటర్ దగ్గర ఒకప్పుడు ప్రెస్సు నడిపిన పెద్దాయన భూతద్దం చేతికిచ్చి, "ముందు అట్ట మీది ఆ చిలకను చూడు నాయనా" అన్నారు. చూశాను. ఆకుపచ్చ సిరా ఎక్కడా లేదు! నీలం చుక్కలు, పసుపు చుక్కలు పక్కపక్కనే, కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి. అద్దం తీస్తే మళ్లీ పచ్చని చిలక. నీలం, మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు సిరాలకు వేర్వేరు అచ్చుపలకలు ఉంటాయి. చుక్కల వరుసలన్నీ ఒకే వాలులో ఉంటే గళ్లు గళ్లుగా మరకలు కనిపిస్తాయి కాబట్టి సాధారణంగా నలుపును 45 డిగ్రీలకు, మెజెంటాను 75కు, నీలాన్ని 15కు తిప్పుతారు. ఈ అట్ట అచ్చువేసేటప్పుడు మెజెంటా పలక వెంట్రుకవాసి పక్కకు జరిగింది. నా ఎర్రగీత అదే!

ఇంటికొచ్చి వడ్డాది పాపయ్యగారి చందమామ అట్టలను కూడా అలాగే చూశాను. కుంచెతో ఆయన కరిగించిన ఛాయలు ఇన్ని చుక్కలుగా విడిపోయి కూడా చెక్కుచెదరలేదు. ఎంత పని!

నేను అడిగినప్పుడు గీతను చెరిపేయమని సలహా ఇచ్చినవారికి కృతజ్ఞతలు, కానీ చెరపను. స్కాన్ చేసిన ప్రతిలో మాత్రం రంగులు సరిచేశాను. అసలు అట్టను ఆమ్లం లేని కాగితంలో చుట్టి, ఎండ తగలని బీరువాలో పెట్టాను.