పాత బియ్యం బస్తాలతో కుట్టిన సంచులు ఎండకు పొట్టులా రాలిపోతున్నాయి: ఉపాయం చెప్పగలరా?

ప్రశ్న (పొందూరు నుంచి)

మా స్వయం సహాయక సంఘంలో ఆరుగురం కలిసి, హోటళ్లలో ఖాళీ అయిన 25 కిలోల ప్లాస్టిక్ బియ్యం బస్తాలను తెచ్చి, కడిగి ఆరబెట్టి, సంతకు తీసుకువెళ్లే సంచులుగా కుట్టి అమ్ముతున్నాము. సంక్రాంతికి కొన్నవారిలో కొందరు ఇప్పుడు సంచులను తిరిగి తెచ్చి చూపిస్తున్నారు. వీధి అరుగు మీద మేకుకు తగిలించి ఉంచిన సంచిని చేత్తో పట్టుకోగానే తెల్లని పొట్టు రాలుతున్నది. కొన్నింటికి పట్టీ కుట్టిన చోట చిరుగు పట్టింది. లోపల పాత పంచె గుడ్డ వేసి కుడితే సరిపోతుందా, లేక బస్తాలను విడిచిపెట్టి గోనెతోనే కుట్టాలా?

సమాధానం (విజయనగరం, కుట్టుపని నేర్పేవారు)

అమ్మా, గుడ్డ లోపల వేస్తే ఎండకు అడ్డు ఉండదు, ఎందుకంటే ఎండ పడేది బయటి వైపు. ఈ బస్తాల నేత పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ సన్న పీలికలతో చేసినది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆమ్లజని కలిసి దాని అణువుల పొడవాటి గొలుసులను తెంచడం వల్ల పీలిక పెళుసుబారి పొడి అవుతుంది. ధాన్యం మోసి గోదాముకు చేరడానికే చేసిన వస్తువును మనం ఏళ్ల తరబడి ఎండలో వేలాడదీస్తున్నామన్నమాట. కాబట్టి గుడ్డను బయటి వైపు తొడుగులా వేయండి; పాత జీన్స్ ప్యాంటు గుడ్డ అయితే మరీ మంచిది. కడిగిన బస్తాలను కూడా నీడలోనే ఆరబెట్టండి.

చిరుగుకు కారణం కుట్టే. దగ్గర దగ్గరగా పడిన సూది రంధ్రాలు తపాలా బిళ్లల మధ్య చిల్లుల్లా పనిచేసి బస్తాను అక్కడే చీలుస్తాయి. కుట్టు పొడవును సుమారు 4 మిల్లీమీటర్లకు పెంచి, పట్టీని అంచు దగ్గర ఆపకుండా సంచి అడుగు కిందుగా చుట్టి మరో వైపుకు తెండి. అప్పుడు బరువును కుట్టు కాక పట్టీ మోస్తుంది. కత్తిరించిన అంచు నుంచి పోగులు ఊడకుండా వేడి కత్తితో కోయవచ్చు, కానీ ఈ ప్లాస్టిక్ సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక ఇస్త్రీ పెట్టె తగలనీయకండి.

సమాధానం (రాజాం, జూట్ మిల్లులో పనిచేసి విరమించినవారు)

గోనె ఎండకు ఇంత త్వరగా పొడి కాదు గానీ తడి దానికి శత్రువు. వానాకాలంలో చేపలకు తీసుకువెళ్తే కొన్నాళ్లకే కుళ్లుతుంది. మరొక మాట. మిల్లులో నారను మెత్తబరచడానికి ఖనిజ నూనెను వాడటం పాత అలవాటు, గోనెకు ఉండే కిరసనాయిలు వాసన దానిదే. అలాంటి గోనెలో పప్పులు, పిండి విడిగా పోయకూడదు. ఖనిజ నూనెకు బదులు తవుడు నూనె వాడి, ఆహార పదార్థాల కోసం చేసిన గోనెలు వేరుగా దొరుకుతాయి.

సమాధానం (శ్రీకాకుళం, పాత సామాన్లు కొనేవారు)

టైలరు గారి సలహాకు ఒక సవరణ చెప్పాలి. గుడ్డను ప్లాస్టిక్‌తో కలిపి శాశ్వతంగా కుట్టేస్తే ఆ సంచి పాతబడిన రోజున నేను కొనను, నా దగ్గర కొనేవారూ తీసుకోరు. పాలీప్రొపిలీన్ విడిగా, శుభ్రంగా ఉంటేనే కరిగించి మళ్లీ గుళికలుగా మారుస్తారు. త్రికోణంలో 5 అంకె దాని గుర్తు. కనుక తొడుగును పైన నాలుగు చోట్ల బొత్తాలతోనో నాడాలతోనో బిగించండి. ఉతకడానికీ తీయవచ్చు, చివరికి విడదీయడానికీ వీలుంటుంది. పొట్టు రాలుతున్న సంచిని మాత్రం చెరువు గట్టున పారేయకుండా కవరులో కట్టి ఇవ్వండి, ఆ ముక్కలను నీటిలోంచి ఏరడం ఎవరి తరమూ కాదు.

అడిగినవారు

నాడాల ఆలోచన మాకు తోచలేదు, అన్నయ్య గారూ. వచ్చే పది సంచులను అలాగే కుట్టి చూస్తాము. ఎరువుల బస్తాలు ఇస్తామని ఒక రైతు అంటున్నారు, అవి గట్టిగా కనిపిస్తున్నాయి. తీసుకోవచ్చా?

సమాధానం (విజయనగరం)

వద్దమ్మా. ఎన్నిసార్లు కడిగినా నేత మధ్యన మిగిలిన రసాయనం పూర్తిగా పోయిందని చెప్పలేము, మీ సంచిలో రేపు ఎవరో కూరగాయలు వేసుకుంటారు. ఆ బస్తాలను మొక్కల తొట్లకు కూడా నేను వాడను, ఎండలో అవీ ఇలాగే రాలిపోతాయి.