హెచ్-4 మీద ఆన్‌లైన్ హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ మాస్టర్స్ - టర్ముకి ఎన్ని కోర్సులు?

అడిగినవారు: రిచ్‌మండ్, వర్జీనియా
అందరికీ నమస్కారమండీ. అమెరికా వచ్చి నాలుగు నెలలైంది, హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ భార్య/భర్త వీసా). జేఎన్‌టీయూ బీటెక్ సివిల్. హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ మేనేజ్‌మెంట్‌లో (దేశ అంతర్గత భద్రత, విపత్తుల నిర్వహణ) ఆన్‌లైన్ మాస్టర్స్ చేద్దామనుకుంటున్నా. ఇంట్లో మూడేళ్ళ బాబు. టర్ముకి ఎన్ని కోర్సులు తీసుకోవచ్చు?

ఎడిసన్ నుంచి
కోర్సుల లెక్క తర్వాతమ్మా, ముందు ఉద్యోగం సంగతి చూడు. డీహెచ్ఎస్ (హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ) కింద ఫెమా (విపత్తుల సంస్థ), సీబీపీ (సరిహద్దు, కస్టమ్స్) వగైరా రెగ్యులర్ ఉద్యోగాలు సిటిజన్లకే. 1976 నాటి ప్రెసిడెంట్ ఉత్తర్వు 11935 అదే చెబుతుంది, గ్రీన్‌కార్డు ఉన్నా చాలదు. సెక్యూరిటీ క్లియరెన్సూ (రహస్య సమాచారం చూసే అనుమతి) అంతే. మన ఇండియా వాళ్ళ గ్రీన్‌కార్డు క్యూ ఎంత పొడుగో నీకు చెప్పక్కర్లేదు. డిగ్రీ మొత్తం 36 క్రెడిట్లకి డబ్బు కట్టాక తెలిస్తే ఏం లాభం? పూర్తిగా ఆన్‌లైన్ డిగ్రీకి ఐ-20 (స్టూడెంట్ వీసాకి కాలేజీ ఇచ్చే ఫారం) ఇవ్వరు, కాబట్టి ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్లకిచ్చే పని అనుమతి) మాటే లేదు. అసలు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్ళు ఆన్‌లైన్ క్లాసు ముట్టుకోనే కూడదు.

ఫ్రిస్కో నుంచి
ఆ చివరి ముక్క తప్పు అన్నగారూ. ఎఫ్-1కి టర్ముకి ఒక ఆన్‌లైన్ క్లాసు, మూడు క్రెడిట్ల వరకు ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది. అయినా ఈవిడకి ఆ గొడవెందుకు? హెచ్-4 మీద పార్ట్‌టైమైనా ఫుల్‌టైమైనా చదువుకోవచ్చు.
అండీ, అప్లికేషన్‌లో వీసా దగ్గర హెచ్-4 అనే పెట్టండి. ఐ-797 (ఇమిగ్రేషన్ అప్రూవల్ నోటీసు) కాపీ, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) జత చేయండి. ‘ఇంటర్నేషనల్, ఐ-20 కావాలి’ అని టిక్ పెట్టారో, అవసరం లేని బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ అడుగుతారు. ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకుండా జీతం వచ్చే అసిస్టెంట్‌షిప్ మాత్రం ఒప్పుకోకండి. ఆ ఈఏడీ రావాలంటే మీ వారి ఐ-140 (గ్రీన్‌కార్డుకి కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి, లేదా ఆయన హెచ్-1బీ ఆరేళ్ళు దాటి పొడిగింపు మీద ఉండాలి.

షార్లెట్ నుంచి
వీసా సరే, అందరూ తంటాలు పడేది ట్రాన్‌స్క్రిప్టుల (మార్కుల రికార్డు) దగ్గరే. ఇవాల్యుయేషన్‌లో (మన డిగ్రీ ఇక్కడి దేనికి సమానమో తేల్చే ఏజెన్సీ రిపోర్టు) కోర్స్-బై-కోర్స్ రిపోర్టే ఎంచుకోండి. చవకని డాక్యుమెంట్ రిపోర్టు తీసుకుంటే జీపీఏ ఉండదు, అడ్మిషన్ వాళ్ళు వెనక్కి పంపుతారు.
ఒకావిడ విషయంలో ఏం జరిగిందంటే, తమ్ముడు యూనివర్సిటీకి వెళ్ళి ట్రాన్‌స్క్రిప్టుల సీలు కవరు చేతికి తీసుకున్నాడు. మంచి పిల్లాడే, అక్కకి వాట్సాప్‌లో ఫొటో పంపుదామని కవరు విప్పి, తీసి, మళ్ళీ గమ్ పెట్టి అతికించాడు! మూత మీద స్టాంపు రెండు ముక్కలు. ఇవాల్యుయేషన్ వాళ్ళు తీసుకోలేదు. మళ్ళీ ఫీజు, మళ్ళీ కొరియరు, ఈలోపు ఎగ్జామ్ బ్రాంచిలో సంతకం పెట్టాల్సినాయన సెలవు. ఫాల్ టర్ము పోయింది, స్ప్రింగ్‌లో చేరింది. అందుకని కవరు నేరుగా యూనివర్సిటీ నుంచే వెళ్ళాలి, పైన మీ ఇవాల్యుయేషన్ రిఫరెన్స్ నంబరు ఉండాలి. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఇంకా తీసుకోకపోతే ఇవాళే అప్లై చేయండి, ప్రొవిజనల్ అన్నిచోట్లా చెల్లదు.

సియాటిల్ నుంచి
పాపం ఆవిడ అడిగింది టర్ముకి ఎన్ని అని! ఒక్కటేనండీ. క్రెడిట్‌కి 45 గంటల పని అనేది ఇక్కడి పాత లెక్క. మూడు క్రెడిట్ల కోర్సుకి 135 గంటలు. ఎనిమిది వారాల టర్ములో వారానికి దాదాపు 17. రెండు పెట్టుకుంటే 34, పసిపిల్లాడితో కుదిరే పని కాదు. ఏడాదికి ఐదు టర్ములు చొప్పున 12 కోర్సులకి రెండున్నరేళ్ళు.
మామూలుగా వారం మధ్యలో డిస్కషన్ పోస్టు, ఆదివారం రాత్రి 11:59 లోపు ఇద్దరికి జవాబులు. సివిల్ వాళ్ళు లెక్కలకి భయపడరు, ఇక్కడ లెక్కలుండవు. అంతా చదవడం, రాయడం. 1988 స్టాఫర్డ్ చట్టం (విపత్తు సాయం మీద), 2002 హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ చట్టం, 2005 కత్రినా తుఫాను వైఫల్యాలు ప్రతి కోర్సులోనూ తగులుతుంటాయి. ఏపీఏ పద్ధతిలో సైటేషన్లు (ఏ మాట ఎక్కడిదో చూపడం) ఇప్పుడే నేర్చుకోండి. మొదటి పేపర్లో మనవాళ్ళకి మార్కులు పోయేది అక్కడే, భావం మీద కాదు.

ఎడిసన్ నుంచి
ఇంత కష్టం దేనికి? ఫెమా ఇండిపెండెంట్ స్టడీలో ఐఎస్-100, 200, 700, 800 అనే చిన్న ఆన్‌లైన్ కోర్సులు ఉచితం. ఫెమా స్టూడెంట్ నంబరు తీసుకుంటే చాలు, 75 శాతం వస్తే పాస్. రెండు వారాల్లో నాలుగూ అయిపోతాయి.

ఫ్రిస్కో నుంచి
అవి చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు అన్నగారూ, అవి లేకపోతే మాత్రం అడుగుతారు. ఆవిడ చేరకముందే పూర్తి చేసుకోవాలి, అంతవరకు మీతో ఒప్పుకుంటా. కానీ హోమ్‌ల్యాండ్ అంటే ఫెడరల్ ఒక్కటేనా? హాస్పిటళ్ళకి ఎమర్జెన్సీ ప్లాను, ఏటా డ్రిల్లులు మెడికేర్ (పెద్దవాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిబంధన. కరెంటు కంపెనీలకి, బ్యాంకులకి బిజినెస్ కంటిన్యుటీ (విపత్తులోనూ పని ఆగకుండా చూసే) మనుషులు కావాలి. ఈవిడ సివిల్ కాబట్టి వరద ముంపు మేనేజ్‌మెంట్ వైపు వెళ్తే డిగ్రీకి విలువ. సీఎఫ్ఎం (సర్టిఫైడ్ ఫ్లడ్‌ప్లెయిన్ మేనేజర్) పరీక్ష కూడా రాయొచ్చు.

ఎడిసన్ నుంచి
అలాగైతే హోమ్‌ల్యాండ్ ఎందుకు, ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ మాస్టర్సే చేయమను.

సియాటిల్ నుంచి
ఈ మాట ముందే చెప్పాల్సింది మీరు! సిలబస్ పక్కపక్కన పెట్టి చూడండమ్మా. ఇంటెలిజెన్స్, టెర్రరిజం కోర్సులు సగానికి మించితే వదిలేయండి. రిస్క్ అసెస్‌మెంట్, హజార్డ్ మిటిగేషన్ (ముప్పు ముందే తగ్గించడం), కంటిన్యుటీ ఉంటే తీసుకోండి. కాలేజీ అక్రెడిటేషన్ (గుర్తింపు) ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ సైట్లోనే చూడండి, కాలేజీ బ్రోషర్లో కాదు. ఇంకో చిన్న సంగతి. టర్ము మధ్యలో ఇండియా వెళ్తే ఈస్టర్న్ టైము ఆదివారం రాత్రి 11:59 అక్కడ వేసవిలో సోమవారం పొద్దున 9:29, చలికాలంలో 10:29.