విక్రమ్ 2 టన్నుల మట్టి లేపిందట, మరి కింద గొయ్యి ఏది?

నల్లమల కుర్రాడు:
చంద్రయాన్-3 దిగినప్పుడు విక్రమ్ ఇంజిన్ల దెబ్బకి 2.06 టన్నుల మట్టి చెదిరిపోయిందని హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్లు లెక్కేశారు కదా, చంద్రయాన్-2 ఆర్బిటర్ ల్యాండింగ్‌కి ముందూ తర్వాతా తీసిన ఫోటోలు పోల్చి చూసి. రెండు టన్నులంటే మాటలా? కానీ ప్రజ్ఞాన్ రోవర్ తీసిన ఫోటోలో విక్రమ్ కింద గొయ్యి లాంటిదేమీ కనిపించదు. అపోలో ఫోటోల్లోనూ అంతే. మా ఆఫీసులో ఒకాయన ఇదే పట్టుకుని చంద్రుడి మీదకి అసలెవరూ పోలేదని రోజూ తల తింటున్నాడు. ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.

లెక్కల మాస్టారు:
ఆ 2.06 టన్నులు ఒక్కచోట తవ్వినవి కావండి, 108.4 చదరపు మీటర్లలో చెదిరినవి. భాగించి చూడండి, చదరపు మీటరుకి 19 కిలోలు. పైమట్టి క్యూబిక్ మీటరు సుమారు 1,500 కిలోలు తూగుతుందనుకుంటే సగటు లోతు ఒక సెంటీమీటరు పైచిలుకు, అంతే! నేల మీద నిలబడి తీసిన ఫోటోలో అదేం తెలుస్తుంది? పైనుంచి చూస్తే మాత్రం ల్యాండర్ చుట్టూ తెల్లటి మరకలా కనిపించింది.

ఇక గొయ్యి ఎందుకు పడలేదంటే, అక్కడ గాలి లేదు. నాజిల్ (ఇంజిన్ మూతి) నుంచి వచ్చిన గ్యాస్‌ని చుట్టూ అదిమిపట్టేది ఏదీ లేక బయటికి రాగానే నలువైపులా విచ్చుకుపోతుంది, అందుకని కిందకి పొడవడం తక్కువ, నేల వెంబడి ఊడ్చేయడం ఎక్కువ. పైగా వదులు మట్టి పైపైనే, కొన్ని సెంటీమీటర్లు దిగితే గట్టి నేల. అపోలో ఇంజిన్ 45 కిలోన్యూటన్ల దాకా ఇవ్వగలదు గానీ దిగే టైముకి అందులో నాలుగో వంతు చాలు, అక్కడ బరువే తక్కువ కదా.

రాత్రి డ్యూటీ:
గొయ్యి సంగతి వదిలేయండి బ్రదర్, అసలు టెన్షన్ పక్కవాడికి. 1967లో చంద్రుడి మీద దిగిన మనుషుల్లేని నాసా ల్యాండర్ సర్వేయర్-3కి సుమారు 160 మీటర్ల దూరంలో 1969 నవంబర్‌లో అపోలో-12 దిగింది. అందులో వెళ్లిన వ్యోమగాములు కాన్రాడ్, బీన్ నడిచి వెళ్లి దాని కెమెరా ఊడదీసి తెచ్చారు. ల్యాబ్‌లో చూస్తే అపోలో వైపున్న ముఖమంతా ఇసుకతో గీకేసినట్టు తేలింది, అడ్డంగా స్క్రూలూ గట్రా ఉన్నచోట మాత్రం వాటి నీడలు అచ్చు పడినట్టు మిగిలిపోయాయి. సర్వేయర్ ఒక గుంటలో కిందకి ఉంది కాబట్టి సరిపోయింది, అసలు ధార చాలావరకు దాని మీదుగా పోయింది. ఆపడానికి గాలి లేనప్పుడు సన్నటి రేణువులు సెకనుకి కిలోమీటరు పైనే పోతాయి మరి. అందుకే అపోలో స్థలాలకి 2 కిలోమీటర్ల లోపు ఎవరూ దిగొద్దని 2011లో నాసా సూచనలిచ్చింది. నన్నడిగితే అదీ చాలదు.

ఎర్రమట్టి:
అంగారకుడి మీద కథ వేరు. అక్కడి గాలి మన దాంట్లో ఒక శాతం కూడా ఉండదు, అయినా గ్యాస్ ధార విచ్చుకోకుండా పట్టి ఉంచడానికి ఆ కాస్తా చాలు, దాంతో తిన్నగా కిందకే తవ్వుతుంది. అక్కడ దిగిన నాసా వైకింగ్ ల్యాండర్లకి ఈ భయంతోనే ఒక్కో ఇంజిన్‌కి 18 చిన్న నాజిళ్లు పెట్టారు. 2008లో ఫీనిక్స్ ల్యాండర్ దిగాక దాని కింద చూస్తే మట్టి ఎగిరిపోయి మంచు బయటపడి ఉంది. క్యూరియాసిటీ రోవర్‌ని ఏకంగా తాళ్లతో వేలాడదీసి ఇంజిన్లని పైనే ఉంచారు, అయినా డెక్ మీద గులకరాళ్లు పడ్డాయి, గాలి కొలిచే సెన్సర్లలో కొన్ని పాడయ్యాయి. రాళ్లు తగిలే పోయాయని అనుమానం.

నల్లమల కుర్రాడు:
థాంక్స్ అండి అందరికీ. మరి రేపు చంద్రుడి మీద బేస్ కడితే, సరుకు తెచ్చే ప్రతి ల్యాండరూ ఇలా ఇసుక కొడుతూనే ఉంటుందా?

రాత్రి డ్యూటీ:
కొడుతుంది. మట్టిని కరిగించి గట్టిపరిచి ల్యాండింగ్ ప్యాడ్ వేయాలనీ, చుట్టూ కట్ట పోయాలనీ ఆలోచనలు ఉన్నాయి. ముందు కొలతలు సరిగ్గా దొరకాలి కదా. 2025 మార్చిలో దిగిన బ్లూ ఘోస్ట్ ల్యాండర్‌కి కింద నాసా కెమెరాలు బిగించారు, దిగేటప్పుడు 3,000కి పైగా ఫోటోలు తీశాయి. ఇంజిన్ కింద నేల ఎంత లోతు కోసుకుపోయిందో వాటినుంచి త్రీడీలో కొలవొచ్చు. ఇన్నాళ్లూ అపోలో కిటికీలోంచి తీసిన వీడియోలు చూసి అంచనాలు కట్టడమే ఎక్కువ.