బాల్టిమోర్‌లో హత్యలు సగానికి పైగా తగ్గాయి. ఇక నేషనల్ గార్డ్ ఎందుకు?

కొలంబియా_కాపురం (చర్చ మొదలుపెట్టినవారు)

మేరీలాండ్‌లో ఉంటున్న మనవాళ్లలో చాలామందికి బాల్టిమోర్ అంటే ఎయిర్‌పోర్టు, ఇన్నర్ హార్బర్, పెద్ద హాస్పిటళ్లు. మిగతా ఊరంతా జీపీఎస్ దారి మళ్లిస్తే తప్ప చూడరు. అభిప్రాయాలు మాత్రం గట్టిగా ఉంటాయి. మొన్నొక బర్త్‌డే పార్టీలో ఇదే గొడవ జరిగింది. తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

2015 నుంచి 2022 దాకా ఆ ఊళ్లో ఏటా 300 పైనే హత్యలు. జనాభా ఆరు లక్షలు కూడా లేదు. అలాంటిది 2024లో 201కి, 2025లో 133కి దిగింది. దాదాపు 50 ఏళ్లలో ఇదే తక్కువ. ఈ తగ్గుదల నడుస్తుండగానే, 2025 ఆగస్టులో ట్రంప్ బాల్టిమోర్‌కి సైన్యాన్ని, అంటే రాష్ట్రాల రిజర్వు దళమైన నేషనల్ గార్డ్‌ని, పంపుతానన్నాడు. వచ్చి మాతో వీధుల్లో నడవమని మా గవర్నర్ వెస్ మూర్ ట్రంప్‌ని పిలిస్తే, కూలిపోయిన కీ బ్రిడ్జికి ఇచ్చే డబ్బు గురించి మళ్లీ ఆలోచించాల్సి వస్తుందని బెదిరించాడు. వంతెనకీ హత్యలకీ సంబంధం ఏంటో ఆయనకే తెలియాలి.

నేననేది ఒకటే. పనిచేస్తున్న మేయర్‌ని పని చేసుకోనివ్వాలి. బ్రాండన్ స్కాట్ పార్క్ హైట్స్‌లో పెరిగినవాడు, 2020 డిసెంబరు నుంచి మేయర్. ఊరి జబ్బు ఎక్కడుందో తెలిసినవాడు. కాల్పులకి దిగే కొద్దిమందినే పట్టుకుని ఆపే పథకం మొదలుపెట్టినవాడు. కాదనేవాళ్లు చెప్పండి. తిట్లు వద్దు.

గుంటూరు_మిర్చి

తిట్లు లేకుండానే చెప్తా. 133 అంటే పండగ చేసుకోవాలా? లక్షకి ఇరవై పైన పడుతుంది. దేశం సగటుకి నాలుగు రెట్ల పైమాటే. మన జిల్లా కేంద్రంలో వారానికి రెండు మర్డర్లు జరిగితే ఎస్పీని ఆ సీట్లో ఉంచుతారా? ఇక్కడ మేయర్‌కి శాలువా కప్పుతున్నారు.

వాషింగ్టన్ డీసీలో ట్రంప్ పంపిన ఫెడరల్ బలగాలు దిగాక కార్‌జాకింగ్‌లు (బెదిరించి కార్లు లాక్కోవడం) పడిపోయాయి. ఆ మాటన్నది ట్రంప్ ఒక్కడే కాదు, డెమొక్రాట్ మేయర్ మ్యూరియల్ బౌజర్ కూడా. ప్రాణాలు పోతుంటే ఎవరు పంపారన్నది ముఖ్యమా?

లెక్కల_మాస్టారు

నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

2021 తర్వాత హత్యలు దేశమంతటా తగ్గాయి. షికాగోలో 2021లో 800 దాకా వెళ్లినవి 2024కి 573 అయ్యాయి. డీసీలో 2023లో 274, మరుసటి ఏడాది 187. అప్పటికి డీసీ వీధుల్లో గార్డ్ లేదు, బాల్టిమోర్ మేయర్ పథకం ఆ ఊళ్లదీ కాదు. కరోనా రోజుల్లో పొంగిన వరద తీసిందంతే. వరద తీసినప్పుడు ప్రతి ఊరి సర్పంచీ నీళ్లు నేనే తోడించానంటాడు.

అయితే బాల్టిమోర్ చాలా నగరాల కంటే బాగా తగ్గింది, అది ఒప్పుకోవాలి. కానీ అందులో మేయర్ వాటా ఎంత? ఊళ్లో కేసులు నడిపే ప్రధాన ప్రాసిక్యూటర్ (స్టేట్ అటార్నీ) ఐవన్ బేట్స్ 2023 జనవరిలో వచ్చాడు. అక్రమంగా తుపాకీ పెట్టుకు తిరిగేవాళ్లకి జైలే అని పట్టుబట్టాడు. మేయర్ పథకం, బేట్స్ కేసులు, దేశమంతా తగ్గడం, మూడూ ఒకేసారి నడిచాయి. ఏది ఎంత అని విడదీయడం తేలిక కాదు.

రాత్రి_డ్యూటీ

మాస్టారూ, కొంతవరకు విడదీసి చూశారండి. ఈ గ్రూప్ వయొలెన్స్ పథకాన్ని 2022లో ముందు వెస్టర్న్ డిస్ట్రిక్ట్ ఒక్కచోటే మొదలుపెట్టారు. యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా వాళ్లు లెక్క తీస్తే మొదటి ఏడాదిన్నరలో అక్కడ హత్యలు, కాల్పులు కలిపి దాదాపు నాలుగో వంతు తగ్గాయి. గొడవలు పక్క ఏరియాకి మారిన ఆనవాళ్లూ లేవు. అప్పటికి బేట్స్ వచ్చి కొన్ని నెలలే.

సోషల్ వర్కర్లు కూర్చోబెట్టి నీతులు చెప్తారని వెక్కిరించేవాళ్ల కోసం పథకం ఎలా నడుస్తుందో చెప్తాను. ఊళ్లో కాల్పులు ఎక్కువ భాగం కొద్దిమంది చుట్టూనే తిరుగుతాయి. వాళ్లెవరో, ఎవరికి ఎవరితో పగ ఉందో పోలీసులు, ప్రాసిక్యూటర్లు, వీధుల్లో పనిచేసేవాళ్లు కలిసి తేలుస్తారు. తర్వాత ఆ మనిషి దగ్గరికే వెళ్లి మేయర్ పేరుతో ఉన్న ఉత్తరం చేతికిస్తారు. సారాంశం: నువ్వు బతికుండాలి, జైలు బయట ఉండాలి. మారతానంటే సాయం చేస్తాం. మళ్లీ కాల్పులు జరిగితే ముందు నీ మీదకే వస్తాం. సాయమూ నిజమే, బెదిరింపూ నిజమే. ఒకటి తీసేస్తే రెండోది పనిచేయదు.

నేను ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో నర్సుని. బుల్లెట్ తగిలి వచ్చిన పిల్లాడికి అర్ధరాత్రి డ్రెస్సింగ్ మారుస్తుంటే దిండు పక్కన ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అవతల ఫ్రెండ్స్. ఎవడు చేశాడో పేరు చెప్పమంటారు. తల్లి ఫోన్ లాక్కుంటుంది, వాడు మళ్లీ లాక్కుంటాడు, సెలైన్ ట్యూబు ఊడొస్తుంది. తెల్లారేలోపు ఇంకో బెడ్ నిండుతుందా లేదా అన్నది ఆ ఫోన్ మీద ఆధారపడి ఉంటుంది. ఆ టైములో వాడి పక్కన కూర్చుని, అవతలి వాళ్లని పేరు పెట్టి పిలిచి ఆపగలిగిన మనిషి కావాలి. ఊళ్లో 2007 నుంచి నడుస్తున్న సేఫ్ స్ట్రీట్స్‌లో అలాంటివాళ్లు ఉన్నారు. చాలామంది ఒకప్పుడు జైలుకెళ్లొచ్చినవాళ్లే. 2021, 2022 మధ్య వాళ్లలోనే ముగ్గురు కాల్పుల్లో పోయారు. ఏసీ రూములో కూర్చుని చేసే ఉద్యోగం కాదు.

వేరే రాష్ట్రం నుంచి బస్సు దిగిన గార్డ్ కుర్రాడికి ఆ ఫోన్ అవతల ఎవరున్నారో ఎలా తెలుస్తుందండీ?

డీసీ_రెడ్‌లైన్

మిర్చి బ్రో, బౌజర్ మాటల్లో సగమే చెప్పావు. మొదటి 20 రోజుల్లో కార్‌జాకింగ్‌లు అంతకుముందు ఏడాది అవే రోజులతో పోలిస్తే 87 శాతం తగ్గాయంది, నిజమే. ఆ క్రెడిట్ అదనంగా వచ్చిన ఫెడరల్ ఆఫీసర్లకి ఇచ్చింది. ముఖాలకి మాస్కులేసుకున్న ఇమ్మిగ్రేషన్ ఏజెంట్లు, బయటి రాష్ట్రాల గార్డ్ మాత్రం పనికిరావట్లేదని అదే ప్రెస్‌మీట్‌లో చెప్పింది.

నేను రోజూ మెట్రోలో తిరిగేవాణ్ణి. గార్డ్ ఎక్కువగా కనిపించేది యూనియన్ స్టేషన్, నేషనల్ మాల్, మెట్రో స్టేషన్ల దగ్గర. చెత్త ఏరారు, చెట్ల మొదళ్లలో మల్చ్ పోశారు. కాల్పులు ఎక్కువ జరిగేది అనకోస్టియా నదికి అవతల. రాత్రి పది దాటాక ప్లాట్‌ఫాం మీద యూనిఫాం కనిపిస్తే నాకు ధైర్యంగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ నా టెన్షన్ తగ్గడం వేరు, నదికి అవతలి వార్డ్ 8లో కాల్పులు ఆగడం వేరు. 2025 నవంబరులో వైట్‌హౌస్‌కి కూతవేటు దూరంలో వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చిన ఇద్దరు గార్డుల మీదే కాల్పులు జరిగాయి, ఒకమ్మాయి చనిపోయింది. వాళ్లని అక్కడ ఎందుకు నిలబెట్టారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇంకోటి. డీసీని చూపించి బాల్టిమోర్‌కి అడగడం కుదరదు. డీసీకి గవర్నర్ లేడు. 1973 హోమ్ రూల్ చట్టం ప్రకారం అక్కడి పోలీసుల్ని ప్రెసిడెంట్ 30 రోజులు వాడుకోవచ్చు. మేరీలాండ్‌లో ఆ వీలు లేదు.

గుంటూరు_మిర్చి

రాత్రి_డ్యూటీ గారూ, మీ అనుభవం ముందు నేను వాదించలేను. కానీ మనవాళ్ల సంగతేంటి? గ్యాస్ స్టేషన్లో పార్ట్‌టైం చేస్తూ, స్టోర్‌లో కౌంటర్ దగ్గర నిలబడి కాల్పుల్లో పోయిన తెలుగు పిల్లల వార్తలు ఎన్ని చదివాం? ప్రతిసారీ బాడీ ఇంటికి పంపడానికి చందాలు, సంఘాల వాళ్ల ప్రెస్‌నోట్లు, మళ్లీ మర్చిపోవడం. వాళ్లని కాల్చినవాడు మీ జాబితాలో ఉండడు. దొంగతనానికి వచ్చినవాడు ఉత్తరం చదివి మారడు. వాడికి భయం కావాలి.

నేపర్‌విల్_నాన్న

మిర్చి గారు అన్నది నన్ను కూడా గుచ్చుతుంది. షికాగోలో అలాంటివి జరిగినప్పుడు ఇంటింటికీ ఫోన్లు చేసి డబ్బులు పోగేసినవాళ్లలో నేనూ ఉన్నాను. మేయర్ బ్రాండన్ జాన్సన్ అంటే నాకు అభిమానం లేదు. కాల్పుల శబ్దం పట్టే షాట్‌స్పాటర్‌ని 2024లో తీసేశాడు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

కానీ గార్డ్ సంగతి దగ్గర నుంచి చూశాం కాబట్టి చెప్తున్నా. 2025 అక్టోబరులో టెక్సాస్ గార్డ్‌ని తీసుకొచ్చి షికాగో దగ్గర ఎల్‌వుడ్‌లో దింపారు. సౌత్ సైడ్ గ్యాస్ స్టేషన్లకి కాపలా కాయడానికి అనుకున్నారా? కోర్టులో ప్రభుత్వం చెప్పిన కారణం ఇమ్మిగ్రేషన్ ఏజెంట్లకీ, ఫెడరల్ భవనాలకీ రక్షణ. టీవీలో హత్యల పేరు చెప్పి, జడ్జి ముందు ఇంకోటి చెప్పారు. జడ్జి ఏప్రిల్ పెర్రీ ఆపేసింది. డిసెంబరు 23న సుప్రీంకోర్టు కూడా ఆ స్టేని ఎత్తేయనంది. నెలాఖరుకి ట్రంప్ షికాగో, లాస్ ఏంజెలెస్, పోర్ట్‌లాండ్ నుంచి గార్డ్‌ని వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించాడు. మన పిల్లాడు రాత్రి షిఫ్ట్‌లో నిలబడిన కౌంటర్ దగ్గరికి ఒక్క సైనికుడూ రాలేదు.

పాతబస్తీ_ఇరానీ

మనకిది కొత్త కాదు భాయ్. 2014 విభజన చట్టంలో సెక్షన్ 8 గుర్తుందా? హైదరాబాద్ ఉమ్మడి రాజధాని కాబట్టి పదేళ్లు శాంతిభద్రతల బాధ్యత గవర్నర్‌కి. కేంద్రం దాన్ని అమలు చేయమని లేఖ రాస్తే కేసీఆర్ ఒంటికాలి మీద లేచాడు. అప్పుడు ఇక్కడి ఎన్నారైలు రెండు ముక్కలై కొట్టుకున్నారు. సెక్షన్ 8 కావాలన్న గుంటూరు వైపు మనిషి ఇప్పుడు గార్డ్ కావాలంటున్నాడు, కనీసం మాట మీద నిలబడ్డాడు. 😄

మోడరేటర్

రాష్ట్రం, జిల్లా పేర్లతో ఎద్దేవా వద్దు. తెలంగాణ-ఆంధ్రా గొడవకి వేరే విభాగం ఉంది. ఒక పోస్ట్ తీసేశాం.

కొలంబియా_కాపురం

ఇరానీ భాయ్ పోలిక పూర్తిగా కుదరదు. సెక్షన్ 8 పార్లమెంటు చేసిన చట్టంలోనే ఉంది. ఇక్కడి గొడవే చట్టం ఒప్పుకుంటుందా లేదా అని.

ఫెడరల్ వాళ్లు అసలు రావద్దని నేను అనట్లేదు. బాల్టిమోర్‌కి వాళ్లు చేసిన మేలు చిన్నది కాదు. 2017లో గన్ ట్రేస్ టాస్క్‌ఫోర్స్ పోలీసులు జనాన్ని దోచుకుంటున్నారని, రాని డ్యూటీకి ఓవర్‌టైం రాసుకుంటున్నారని కేసు పెట్టి జైలుకి పంపింది ఫెడరల్ ప్రాసిక్యూటర్లే. తుపాకీల మీద నిఘాకని పెట్టిన యూనిట్టే దోపిడీ ముఠా అయితే ఊళ్లో ఎవడు సాక్ష్యం చెప్తాడు? అదే ఏడాది పోలీసు శాఖని కోర్టు పర్యవేక్షణలో పెట్టించింది కూడా జస్టిస్ డిపార్ట్‌మెంటే. కరోనా నిధుల్లో ఊరికి వచ్చిన 64 కోట్ల డాలర్లలో 5 కోట్లు మేయర్ హింస నివారణ ఆఫీసుకి వెళ్లాయి. అదీ వాషింగ్టన్ డబ్బే. ఇవన్నీ జోక్యాలే. కేసు కట్టే జోక్యం, డబ్బిచ్చే జోక్యం పనిచేశాయి. తుపాకీతో నిలబడే జోక్యం ఏం చేసిందో చూపించమంటున్నా.

గుంటూరు_మిర్చి

డబ్బులు కావాలి, పెత్తనం వద్దు. భలే ఉంది.

రాత్రి_డ్యూటీ

ఆ డబ్బూ ఉండట్లేదండి. 2025 ఏప్రిల్‌లో జస్టిస్ డిపార్ట్‌మెంట్ దేశమంతా 80 కోట్ల డాలర్లకు పైగా గ్రాంట్లు మధ్యలో రద్దు చేసింది. మా ఊళ్లో ఈ పని చేసే సంస్థలకీ దెబ్బ తగిలింది. ఏప్రిల్‌లో హింస ఆపేవాళ్ల నిధులు కోసి, ఆగస్టులో హింస ఎక్కువైందని సైన్యం పంపుతానంటే ఏమనుకోవాలి? కరోనా నిధులు 2026 చివరికి ఖర్చయిపోవాలి. ఆ తర్వాత ఈ జీతాలు ఎక్కడి నుంచి వస్తాయో మేయర్ చెప్పాలి. నాకు గార్డ్ కంటే దీని గురించే భయం.

లెక్కల_మాస్టారు

అదీ అసలు పరీక్ష. బాల్టిమోర్‌లో ఈ పద్ధతి ఇదివరకే రెండుసార్లు మొదలై ఆగిపోయింది, 90ల చివర్లో ఒకసారి, 2014లో మళ్లీ. మేయర్ మారడం, కమిషనర్ మారడం, ఫైలు అటకెక్కడం. మేయర్ క్రెడిట్ గురించి నన్ను ఒప్పించాలంటే 133 చూపించొద్దు, జూలైలో మొదలయ్యే బడ్జెట్‌లో ఆ పద్దు చూపించండి.

గుంటూరు_మిర్చి

పద్దు ఉంటే నేనూ ఒక మార్కు వేస్తా మాస్టారూ. గార్డ్ మీద మాత్రం నా మాట అదే. టెనెస్సీలో మెంఫిస్ చూడండి, గార్డ్‌ని పంపుతామంటే గవర్నర్ సరేనన్నాడు, డెమొక్రాట్ మేయర్ కలిసి పనిచేస్తానన్నాడు, ఆకాశం ఊడిపడలేదు.

డీసీ_రెడ్‌లైన్

మెంఫిస్ మేయర్ పాల్ యంగ్ గార్డ్ కావాలని తాను అడగలేదనే చెప్పాడు బ్రో. వస్తున్నారు కాబట్టి కలిసి పనిచేస్తానన్నాడు. నవంబరులో టెనెస్సీ కోర్టు ఒకటి అదీ చెల్లదంది, అప్పీలుకి టైమిచ్చింది. అక్కడ టాస్క్‌ఫోర్స్‌లో ఎఫ్‌బీఐ, మార్షల్స్, ఏటీఎఫ్ లాంటి ఫెడరల్ సంస్థల వాళ్లందరూ ఉన్నారు. నేరాలు తగ్గితే అందులో గార్డ్ వాటా ఎంతో నువ్వు విడదీసి చూపించు, అప్పుడు మాట్లాడదాం.