అప్‌డేట్: హిస్టారిక్, హిస్టారికల్ తేడా తేలింది

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఇంగ్లిష్ బోర్డు మీద హిస్టారిక్ టెంపుల్ అనాలా, హిస్టారికల్ అనాలా అని అడిగిన గదా, హిస్టారిక్ అనే ఖాయం చేసినం. చెప్పినోళ్లందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది ఒక్క చిట్కానే: ఆ మాట తీసేసి 'ఫేమస్' పెట్టి చదవాలె. అతికితే హిస్టారిక్. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్ శంకుస్థాపన హిస్టారిక్ ఈవెంట్; ఆ కాలపు పాత ఫైళ్లు మాత్రం హిస్టారికల్ రికార్డ్స్. వాటికి పేరుండక్కర్లేదు, చరిత్రకు సంబంధించినవైతే చాలు.

ఆ మాటకు ముందు 'ఎ' (a) పెట్టాలా 'ఆన్' (an) పెట్టాలా అన్న లొల్లికి దీనితో సంబంధమే లేదు. 'హ' పలుకుతం కాబట్టి 'ఎ' రాసినం.

ఒక్క జాగ్రత్త, ఎకనామిక్, ఎకనామికల్ జంటకు ఈ చిట్కా నడవదు. మొదటిది ఆర్థిక వ్యవస్థకు, రెండోది పొదుపుకు. తక్కువ పెట్రోల్ తాగే బండి ఎకనామికల్.